ఒక్కసారే మూసుకున్న రెండు వాల్వులు

నేనేం ఉద్యోగం చేస్తానని చుట్టాల్లో ఎవరైనా అడిగితే మా అమ్మ, "కంప్యూటర్లల్ల తప్పులు దొర్కబడ్తది" అని చెబుతుంది. ఆ మాట విన్న ప్రతిసారీ మా నాన్న పేపరు దించి సరిచేస్తాడు. "తప్పులు దొర్కబడ్తే ఎవడిస్తడు జీతం? తప్పుల్లేవని కాయితం రాసిస్తది. దానికిస్తరు." ఆయన బస్సు డిపోలో మెకానిక్‌గా పనిచేసి రిటైరైన మనిషి. కాగితాల మీద సంతకాలు ఎలా పడతాయో ఆయనకు తెలిసినంత నాకు అప్పటికి తెలియదు.

మా ఇల్లు జహనుమాలో. ఆఫీసు చాంద్రాయణగుట్ట ఫ్లైఓవర్ పక్కన, టైర్ల షాపు మీద రెండో అంతస్తులో. ఫ్లైఓవర్ మీద బస్సు వెళ్తే మా కిటికీ అద్దాలు సన్నగా మోగేవి. అపార్ట్‌మెంట్లకు నీళ్ల మోటర్లు, గేట్లు, లిఫ్టులు వాటంతటవే నడిచేలా సాఫ్ట్‌వేర్ రాసే చిన్న కంపెనీ అది. యజమాని కోస్తా నుంచి ఎప్పుడో వచ్చి ఇక్కడ స్థిరపడ్డవారు. ఎంత కోపం వచ్చినా "అమ్మా" అనకుండా మాట మొదలుపెట్టరు. కోపం వచ్చిందని ఆ "అమ్మా" పొడవును బట్టే మేం తెలుసుకునేవాళ్లం.

అందులో నా పనేమిటో ముందే చెప్పేస్తాను. అది తెలియకపోతే తర్వాత జరిగింది ఉత్త నీళ్ల గొడవలా కనిపిస్తుంది. ఒక యంత్రం ఒంటరిగా పనిచేస్తుంటే దాని తప్పు పట్టుకోవడం తేలిక. నాలుగైదు యంత్రాలు ఒకేసారి ఎవరి పని వారు చేసుకుంటూ పోతుంటే తప్పు ఏ ఒక్కదానిలోనూ ఉండదు, ఎవరు ముందు ఎవరు వెనక అన్నదానిలో ఉంటుంది. అందుకని ఆ యంత్రాలకు ఒక నమూనా రాసి, తనిఖీ ప్రోగ్రాంకు ఇస్తాం. ముందూ వెనకల వరుసలు ఎన్ని ఉంటాయో అన్నీ అది ఓపిగ్గా నడిపి చూస్తుంది. చిక్కల్లా ఆ వరుసల సంఖ్యతోనే. మా ఇంట్లో ముగ్గురం. పొద్దున్నే తలా రెండు పనులు ఉన్నాయనుకుంటే, ఎవరి రెండు పనులు వారు క్రమంలోనే చేసుకున్నా, ఆ ఆరు పనులూ జరగడానికి తొంభై వరుసలున్నాయి. ముగ్గురి కొంపలో తొంభై. అయితే అందులో చాలావాటికి అర్థం లేదు. నాన్న ముందు గడ్డం గీసుకున్నా, అమ్మ ముందు బియ్యం నానబెట్టినా చివరికి మిగిలే ఇల్లు ఒకటే. ఒకే గీజరు నీళ్ల కోసం ఇద్దరూ పోటీ పడ్డప్పుడే వరుసకు విలువ వస్తుంది. కాబట్టి ఒకదానికొకటి సంబంధం లేని పనులను ఏదో ఒక వరుసలో చూసి, మిగతావి వదిలేస్తాం. మా భాషలో దాన్ని కోత అంటాం. దేనికి దేనితో సంబంధం లేదో నిజాయితీగా చెప్పగలిగితే, నెలలు పట్టే తనిఖీ మధ్యాహ్నానికి అయిపోతుంది. నిజాయితీ లేకపోతే ఇంకా తొందరగా అయిపోతుంది.

చాంద్రాయణగుట్ట దాటాక కొత్తగా కట్టిన ఒక కాలనీ పని మాకొచ్చింది. ఆరు బ్లాకులు, కింద ఒక పెద్ద సంపు, ఒక మోటరు. ఒక్కో బ్లాకు మీద ఒక ట్యాంకు, ఆ ట్యాంకుకు వెళ్లే పైపుకు ఒక వాల్వు. అప్పటిదాకా అదంతా ఒక పెద్దాయన చేతుల మీద నడిచేది. గౌలిపుర మనిషి. మనిషి సన్నం, వాల్వు తిప్పే పొడుగాటి ఇనుప తాళం ఆయనకంటే బరువు ఉంటుందనిపించేది. కాలనీలో పిల్లా పెద్దా అంతా కాకా అనేవారు. మొదటిరోజు చూడటానికి వెళ్లినప్పుడు పంపు రూములో స్టూలు తుడిచి నన్ను కూర్చోబెట్టాడు.

"కాకా, రెండు ట్యాంకులు ఒక్కసారే నిండితే ఏం జేస్తవ్?" అని అడిగాను.

"గట్ల నిండయి బిడ్డా. నేను నిండనియ్య. ఒకటి జర ముందుగల్ల బంద్ జేస్త."

"ఒకవేళ నిండినయనుకో."

"నిండితే ముందుగాల మోటర్ బంద్. ఎన్క వాల్వులు. అన్ని వాల్వులు బంద్ బెట్టి మోటర్ నడిపిస్తే పైపు ఊకుంటదా? ఏడనో ఒకాడ పగుల్తది." చెప్పి, "మీరు బెట్టే డబ్బాలకు గిది ఎర్కేనా?" అన్నాడు.

తెలుసునని చెప్పాను. అది సగం నిజం. ప్రతి బ్లాకు దగ్గరా మేం ఒక డబ్బా పెడుతున్నాం. దానిలో రాసిన తెలివి ఇంతే: నా ట్యాంకు నిండింది. మిగతా ఐదింటిలో ఎవరి వాల్వయినా తెరిచి ఉందా? ఉంటే నాది మూసేస్తాను. లేకపోతే ముందు మోటరు ఆపి, తర్వాత నాది మూస్తాను. చదివితే తప్పు పట్టడానికేమీ లేదు. కాకా చెప్పినదే. కాకా ఒక్కడు, డబ్బాలు ఆరు, తేడా అదే.

నమూనా రాసి సోమవారం పొద్దున్న తనిఖీ మొదలుపెట్టాను. బుధవారానికి కంప్యూటర్ మెమరీ నిండిపోయి అది ఆగిపోయింది. ఇంకా పెద్ద కంప్యూటర్ తెచ్చి మళ్లీ మొదలుపెట్టాం. మా యజమాని సారు రోజుకు మూడుసార్లు నా కుర్చీ వెనక నిలబడి, "ఎంత శాతం అయిందమ్మా?" అనేవారు. శాతం చెప్పడం కుదరదనీ, మొత్తం ఎంతో దానికే తెలియదనీ చెబితే, చదువుకున్న మనిషి అలా మాట్లాడకూడదన్నట్టు చూసేవారు. శాతం లేని పనిని ఆయన నమ్మరు. ఆ వారంలోనే శాతం చెప్పగల మనిషిని పట్టుకొచ్చారు.

కన్సల్టెంటుకు నలభై ఏళ్లుంటాయి. ఎక్కడికెళ్లినా గ్రీన్ టీ ఫ్లాస్కు వెంట ఉండేది. ఏ ప్రశ్న అడిగినా ముందు "గ్రేట్ క్వశ్చన్" అనేవాడు. ఆ తర్వాత ఆయన చెప్పేదానికి, అడిగినదానికి సంబంధం లేదని తేలడానికి నాకు నాలుగు రోజులు పట్టింది. కోత గురించి ఆయనకు తెలుసు, తెలియదని అనను. తెలిసినదాన్ని ఎంత దూరం లాగొచ్చో కూడా తెలుసు. ఆయన ఒక చిన్న ప్రోగ్రాం తెచ్చాడు. రెండు డబ్బాల కోడ్ పక్కపక్కన పెట్టి, రెండింటిలోనూ ఒకే పేరుతో ఏదైనా ఉందేమో వెతుకుతుంది. పేరు కలవకపోతే, ఈ రెండింటికీ సంబంధం లేదని రాసేస్తుంది. ఇంటిపేర్లు వేరైతే చుట్టరికం లేదనడం లాంటిది. మా డబ్బాలు ఒకదాని వాల్వును ఇంకొకటి నేరుగా చూడవు. ప్రతిదీ తన వాల్వు సంగతి పంపు రూములోని ప్యానెల్‌కు చెబుతుంది, మిగతావి ఆ ప్యానెల్‌లోని నకలు చదువుకుంటాయి. చెప్పేటప్పుడు ఒక పేరు, చదివేటప్పుడు ఇంకో పేరు. కాబట్టి ఆ ప్రోగ్రాం లెక్కలో ఆరు డబ్బాలూ ఒకరి మొహం ఒకరు చూడని ఆరుగురు మనుషులు.

ఆ కోతతో తనిఖీ పెడితే ఆయన ఫ్లాస్కు మూత తిప్పి రెండు గుక్కలు తాగేసరికి అయిపోయింది. తెర మీద పచ్చగా "పాస్" అని వచ్చింది. సారు కింద నుంచి ఉస్మానియా బిస్కెట్లు తెప్పించారు.

నేను బిస్కెట్టు చేత్తో పట్టుకునే అన్నాను. "సార్, ఒక డబ్బా తన వాల్వు మూస్తే ఇంకో డబ్బా చదివేది మారుతుంది. ఆ రెండూ సంబంధం లేనివి ఎలా అవుతాయి? ఇద్దరూ ఒకేసారి చూసి, ఎదుటివాడిది తెరిచే ఉంది కదా అని ఇద్దరూ మూసేస్తే మోటరు నడుస్తూనే ఉంటుంది. ఆ వరుస మనం చూడనే లేదు."

"గ్రేట్ క్వశ్చన్" అన్నాడు కన్సల్టెంటు. "థియరిటికల్‌గా కరెక్ట్. కానీ రియల్ వరల్డ్‌లో రెండు ట్యాంకులు సేమ్ మిల్లీసెకండ్‌లో నిండుతాయా?"

"సేమ్ మిల్లీసెకండ్ అక్కర్లేదు. ప్యానెల్ నకలు మారడానికి రెండు మూడు సెకన్లు పడుతుంది. ఆ లోపల జరిగితే చాలు."

సారు మధ్యలోకి వచ్చారు. "అమ్మా, అది జరుగుతుందని నువ్వు ఖచ్చితంగా చెప్పగలవా?"

"జరగదని చెప్పలేను సార్."

"నేనడిగింది అది కాదు కదమ్మా."

ఆ "కదమ్మా" పొడవుగానే వచ్చింది. రిపోర్టు చివరి పేజీలో రెండు గళ్లున్నాయి. చేసినవారు, సరిచూసినవారు. మొదటి గడిలో కన్సల్టెంటు గుండ్రంగా సంతకం పెట్టాడు. రెండోది నాకు. పెట్టకపోతే ఏమయ్యేదో ఇప్పుడు ఆలోచిస్తే పెద్దగా ఏమీ అయ్యేది కాదు. అది అప్రైజల్ నెల. అప్పటికి ఆ ఆఫీసులో అడ్డం చెప్పే మనిషి అని నాకు పేరు పడిపోయి ఉంది, ఆ పేరుతో నాకే విసుగొచ్చింది. ఒక్కసారి నలుగురిలో కలిసిపోతే ఎలా ఉంటుందో చూద్దామనిపించింది. సంతకం పెట్టాను. బిస్కెట్టు కూడా తిన్నాను. బాగుంది.

ప్రారంభోత్సవం ఆదివారం పొద్దున్న పదింటికి. పంపు రూము ముందు షామియానా వేశారు. ప్యానెల్‌ను గోడ బయటి వైపుకు మార్చి బంతిపూల దండ వేశారు. బిల్డరు తెల్ల చొక్కా తెల్ల ప్యాంటులో వస్తున్నాడని, ఫొటో కోసం ఆయన్ను ప్యానెల్‌కు వీలైనంత దగ్గరగా నిలబెట్టాలని సారు రెండు రోజులుగా చెబుతున్నారు. ఇంకో ఏర్పాటు కూడా చేశారు. ట్యాంకు ఖాళీ నుంచి నిండాలంటే ముప్పావు గంట, అంతసేపు జనం కూర్చోరు. అందుకని నాలుగు ట్యాంకులు ముందురోజే నింపేసి, మూడో బ్లాకు, నాలుగో బ్లాకు ట్యాంకులను అంచుకు జానెడు తక్కువదాకా తెచ్చి ఉంచారు. కన్సల్టెంటు స్వయంగా టేపు పట్టుకుని రెండింటిలో మట్టం సరిసమానంగా ఉందో లేదో కొలిచి చూశాడు. రెండు దీపాలూ జంటగా ఎర్రబడితే చూడ్డానికి బాగుంటుందట.

అంటే, ప్రపంచంలో ఎక్కడా జరగదని ఆయన హామీ ఇచ్చిన ఆ ఒక్క వరుసనూ టేపు పెట్టి కొలిచి మరీ తయారుచేశాడు.

కాకా కొత్త చొక్కా వేసుకుని వచ్చాడు. ప్యానెల్ జోలికి రావద్దని, టిఫిన్ల బల్ల దగ్గర ఉండమని ఆయనకు చెప్పారు. ఆయన కాసేపు అక్కడ నిలబడి, ఉండబట్టలేక కన్సల్టెంటు దగ్గరికొచ్చాడు.

"సార్, రెండు ఒక్క తీర్గ నింపిండ్రు. ఒక్కపారే నిండుతయి. ఒక్కపారే బంద్ అయితయి."

"అంకుల్, అదే కదా బ్యూటీ. సిస్టమ్ చూసుకుంటుంది."

"సూస్కుంటదా?" అని కాకా నా వైపు తిరిగాడు. పంపు రూములో నేను చెప్పిన సగం నిజాన్ని పూర్తి నిజమనుకున్న మనిషి. నేను సారు దగ్గరికి వెళ్లి, "ఒక ట్యాంకులో మట్టం కొంచెం తగ్గిద్దాం సార్, పది నిమిషాల పని" అన్నాను. గేటు దగ్గర బిల్డరు కారు కనబడుతోంది. సారు కారు వైపు చూస్తూనే, "ఇప్పుడామ్మా?" అన్నారు. నేను వెళ్లి మూడో వరుసలో కుర్చీలో కూర్చున్నాను. ఆ రోజు నేను చేసినవాటిలో ఇప్పటికీ నాకు మింగుడుపడనిది సంతకం కాదు, ఆ కూర్చోవడం.

పంతులుగారు ప్యానెల్‌కు పసుపు, కుంకుమ పెట్టారు. తడి కుంకుమ బొట్టును టచ్ స్క్రీన్ వేలు అనుకుని ఏదో మెనూ తెరిచింది. కన్సల్టెంటు జేబురుమాలుతో తుడిచాడు, భాష మారి హిందీ వచ్చింది. మళ్లీ తుడిచాడు. కొబ్బరికాయ కొట్టారు. బిల్డరు బటన్ నొక్కాడు, మోటరు మొదలైంది, అందరూ చప్పట్లు కొట్టారు. తెర మీద మూడు, నాలుగు అంకెల పక్కన పచ్చటి దీపాలు. కన్సల్టెంటు మైకు తీసుకుని కృత్రిమ మేధ గురించి మాట్లాడాడు. దానికీ ఈ మోటరుకూ ఏ సంబంధమూ లేదు, ఈసారి సంబంధం లేదన్న మాట మాత్రం ఖచ్చితంగా నిజం.

ఐదారు నిమిషాలకు రెండు దీపాలూ ఒక్క రెప్పపాటులో ఎర్రబడ్డాయి. జనం మళ్లీ చప్పట్లు కొట్టారు. మోటరు ఆగలేదు. దాని చప్పుడు మారింది, ఎక్కడానికి వీల్లేని గుట్ట ఎక్కుతున్న లారీలా బరువుగా మూలగడం మొదలుపెట్టింది. నేను లేచి నిలబడ్డాను. నా ముందు వరుసలావిడ కూర్చోమన్నట్టు సైగ చేసింది. టిఫిన్ల బల్ల దగ్గరనుంచి కాకా పరుగు లాంటి నడకతో వస్తున్నాడు. ఆయన పంపు రూములోకి వెళ్లేలోపే ప్యానెల్ పక్క గోడలోని జాయింటు ఊడింది. మనిషి చేతిలావు నీటి ధార సూటిగా బిల్డరు ఛాతీ మీద పడింది. ఆయన వెనక్కి పడబోయి సారును పట్టుకున్నాడు, సారు కన్సల్టెంటును పట్టుకున్నారు. ఫొటోగ్రాఫర్ తన పని తాను చేసుకుపోయాడు. ఆ ఉదయం అక్కడ అప్పజెప్పిన పనిని సరిగ్గా చేసిన మనిషి అతనొక్కడే.

లోపల కాకా మెయిన్ స్విచ్చు కిందికి లాగాడు. మోటరు ఆగింది. షామియానా అంచుల నుంచి నీళ్లు కారుతున్నాయి. బ్యాటరీ మీద నడిచే తెర మాత్రం ఆరిపోకుండా, "అన్నీ సవ్యంగా ఉన్నాయి" అని పచ్చ అక్షరాల్లో చెబుతోంది.

మంగళవారానికి కన్సల్టెంటు నాలుగు పేజీల కారణాల నివేదిక పంపాడు. మొదటి కారణం, జాయింటు నాణ్యత లోపం. రెండో కారణం చదవడానికి నాకు రెండుసార్లు పట్టింది. అనధికార వ్యక్తి మెయిన్ స్విచ్చును తాకి, వ్యవస్థ తనంతట తాను కోలుకునే అవకాశాన్ని అడ్డుకున్నాడట. ఆ అనధికార వ్యక్తిని గురువారం మీటింగుకు పిలిచి సంజాయిషీ అడగాలని సిఫారసు.

సాయంత్రం ఇంటికెళ్లి అన్నం ముందు కూర్చుని నాన్నకు చెప్పాను. ఆయన మొత్తం విని ఒకటే అడిగాడు.

"నువ్వు సంతకం జేసినవా?"

"చేసిన."

"సూడకుంటనే?"

"చూసిన. తప్పని తెలిసే చేసిన."

ఆయన చేయి కంచంలోనే ఆగింది. "బ్రేకు సూడకుంట బండి బయటికి పంపినోన్ని డిపోల మస్తుమందిని సూసిన. పనికి బద్ధకమైతది, అర్థమైతది. సూసి పంపినోన్ని సూడలే." అంతే అన్నాడు. అమ్మ ఇంకొంచెం పప్పు వేసుకోమంది. ఎవరం వేసుకోలేదు.

మరునాడు నేను ఆఫీసుకు పెందలాడే వెళ్లి నమూనా తెరిచాను. కన్సల్టెంటు పెట్టిన కోత మొత్తం తీసేశాను. తీసేస్తే మళ్లీ మొదటికే, మెమరీ నిండిపోతుంది. కాబట్టి ఆరు డబ్బాలు చేసే పనులన్నీ కాగితం మీద రాసుకుని, ఒక్కో జత గురించి ఒకటే అడుగుతూ కూర్చున్నాను. ఇది ముందు జరిగి అది వెనక జరిగినా, అది ముందు జరిగి ఇది వెనక జరిగినా, చివరికి మిగిలేది ఒకటేనా? ఒకటి చేస్తే రెండోది చేసే పని మారుతుందా? దీపం వెలిగించడం, కాలనీ సెక్రటరీ ఫోనుకు మెసేజీ పంపడం, మట్టం అంకె తెర మీద మార్చడం, రికార్డులో రాసుకోవడం, వీటిలో ఏది ఎవరికంటే ముందు జరిగినా వాల్వులకు పట్టదు. నమూనా అంతలా ఉబ్బడానికి కారణం ఈ ముచ్చట్లే. వాటిని ఒక్కో వరుసకు కోసేశాను. వాల్వు మూయడం, నకలు మార్చడం, నకలు చదవడం, మోటరు ఆపడం, ఈ నాలుగింటి జోలికి మాత్రం పోలేదు. వాటికి ఎన్ని వరుసలుంటే అన్నీ చూడాల్సిందే.

మధ్యాహ్నం తనిఖీ పెట్టి, అన్నం క్యారియర్ తెరిచి తినడం మొదలుపెట్టాను. తినడం పూర్తయ్యేలోపే అది ఆగింది. ఈసారి ఎర్రగా. కింద, ఆ తప్పుకు దారితీసే వరుస పదకొండు మెట్లలో. మూడో డబ్బా నకలు చదివింది, నాలుగోది తెరిచే ఉంది. నాలుగో డబ్బా నకలు చదివింది, మూడోది తెరిచే ఉంది. మూడోది మూసింది. నాలుగోది మూసింది. మోటరు నడుస్తోంది. ఆదివారం నా కళ్లముందు జరిగినదంతా అక్షరం పొల్లుపోకుండా ఉంది. ఒక్క బిల్డరు చొక్కా తప్ప.

గురువారం మీటింగుకు ఆ కాగితం నాలుగు ప్రతులు తీసుకెళ్లాను. కాకాను బయట బెంచీ మీద కూర్చోబెట్టారు. కన్సల్టెంటు కాగితం చదివి, ఒక్క క్షణం కూడా తడబడకుండా, "ఎగ్జాక్ట్లీ. నేను ఫస్ట్ డే నుంచి చెబుతున్న రిస్క్ ఇదే" అన్నాడు. అబద్ధం చెప్పే మనిషి ముఖంలో ఏదో కదలిక ఉంటుందంటారు. నేను వెతికాను, లేదు.

సారు కాగితం పక్కనపెట్టి రిపోర్టు చివరి పేజీ తీశారు. "అమ్మా, మరి దీని మీద నీ సంతకం ఉంది కదా."

"ఉంది సార్. తప్పని తెలిసీ పెట్టాను. నివేదికలో అది కూడా రాయండి. బయట కూర్చున్న పెద్దాయన స్విచ్చు లాగకపోతే మోటరు కాలిపోయేదని కూడా రాయండి."

కిటికీ అద్దాలు ఒకసారి మోగి ఆగాయి. నన్ను శిక్షిస్తారనుకుని సిద్ధపడి వెళ్లాను. కానీ నా తప్పు రాయాలంటే ముందు రిపోర్టు తప్పని రాయాలి, రిపోర్టు తప్పంటే బిల్డరుకు పంపిన బిల్లు కూడా తప్పే. ఆ లెక్క వాళ్ల ముఖాల్లో వరుసగా తిరగడం చూశాను. చివరికి రెండో కారణం కొట్టేశారు. మొదటి కారణం జాయింటుగానే ఉంది. నా పదకొండు మెట్లు "అరుదైన ఏకకాలిక పరిస్థితి" అనే ఒక్క ముక్కగా అడుగున చేరాయి. నా సంతకం గురించి ఎవరూ ఏమీ రాయలేదు. వాళ్ల పిరికితనం నన్ను కాపాడింది. అప్రైజల్‌లో కూడా ఏమీ తగ్గలేదు.

బయటికొచ్చి కాకాకు, ఇక ఇంటికి పోవచ్చని చెప్పాను. ఆయన కదలకుండా, "గా కాయితమేంది?" అన్నాడు. పక్కన కూర్చుని మెట్టు మెట్టు చదివి వినిపించాను. శ్రద్ధగా విన్నాడు. అయిపోయాక అడిగాడు.

"ఇందుల నేనేడున్న?"

"నువ్వు లేవు కాకా. డబ్బాలు, మోటర్, ప్యానెల్, అంతే."

"నేను లేకుంట ఎట్ల? నేను రోజు పోత. చెయ్యి బెట్టొద్దంటె బెట్టకుంట ఉంటనా? డబ్బా నింపుతున్నప్పుడు నేను వాల్వు తిప్పితే?"

అంత జాగ్రత్తగా, నిజాయితీ అంటూ చేసిన నా కోతలో, అన్నిటికంటే ముందు కోసేసింది ఈ మనిషినే. కన్సల్టెంటు మరిచింది డబ్బాల మధ్య చుట్టరికాన్నే, నేను ఒక మనిషినే మరిచాను.

మర్నాడు ఆయన్ను నమూనాలో చేర్చాను. ఎప్పుడైనా, ఏ వాల్వునైనా, ఎటైనా తిప్పగల ఒక చేయి. మళ్లీ వరుసలు కొండలా పెరిగి మెమరీ నిండిపోయింది. సారు నా వెనక నిలబడి సంగతి అడిగారు. పెద్దాయనను చేర్చాక తనిఖీ ఆగట్లేదని చెప్పాను.

"అయితే ఆయన్ను తీసేయమ్మా."

"నమూనాలోంచా సార్, ఉద్యోగంలోంచా?"

ఆయన కాసేపు నిజంగానే ఆలోచించారు.

కాకాను అడిగితే తన వైపు వాదన తాను చెప్పాడు. మోటరు నడుస్తుండగా చివరి వాల్వు తాను చచ్చినా మూయడట, కాబట్టి ఆ వరుసలు చూడక్కర్లేదట. "నువ్వు మూయవు కాకా. నువ్వు లీవుల పోతే నీ జాగల ఇంకొకడొస్తడు. ఆనికి తెల్వదు" అన్నాను. తన స్థానంలో తెలియని మనిషి ఒకడు వస్తాడన్న మాట ఆయనకు నచ్చలేదు, కాదనలేకపోయాడు కూడా. "గట్లయితే చెయ్యి బెట్టంగనే డబ్బాలు చెయ్యి దీస్కోవాలె. ఇద్దరు ఒక్క పని మీద ఉంటే లొల్లే గద" అన్నాడు.

అదే చేశాం. పంపు రూములో చేత్తో తిప్పే ఒక స్విచ్చు పెట్టాం. అది తిప్పితే ముందు మోటరు ఆగుతుంది, తర్వాత ఆరు డబ్బాలూ పని మానేస్తాయి, ఆ పైన వాల్వులన్నీ మనిషివే. తిరిగి వెనక్కి తిప్పేదాకా డబ్బాలు ఏదీ ముట్టవు. చేయీ డబ్బా ఒకేసారి కదిలే అవకాశమే పోయింది కాబట్టి, ఆ వరుసలను చూడకపోవడం ఇప్పుడు దొంగతనం కాదు. డబ్బాల మధ్య గొడవకు కూడా మందు వేశాం. మూసేముందు ప్యానెల్ దగ్గర అనుమతి తీసుకోవాలి, ఒకసారికి ఒక్కరికే అనుమతి. ఎవరు చెప్పారో గానీ కన్సల్టెంటుకు ఈ సంగతంతా తెలిసింది. తర్వాత ఒక సెమినార్‌లో నా పదకొండు మెట్లను రంగురంగుల బాణాలతో స్లైడు మీద చూపించాడని విన్నాను. చివర పన్నెండో మెట్టు కూడా వేశాడట, మానవ తప్పిదం అని.

కొత్త తనిఖీ ఒక మధ్యాహ్నం రెండింటికి పెడితే నాలుగున్నరకు అయిపోయింది. ఈసారి ఏ జతలను వదిలేశానో, ఎందుకు వదిలేశానో మూడు పేజీలు రాసి రిపోర్టుకు జతచేశాను. కాకా పేరుకు బదులు "చేయి" అని రాశాను. ఆయనకు చెబితే నవ్వాడు, కాలు కూడా రాయమన్నాడు, తిరిగేది అదేనట.

సారు తెర చూశారు. పచ్చగా ఉంది.

"పాస్ అయిందా అమ్మా?"

"అయింది సార్."

"మొదటిసారి కూడా పాసే కదమ్మా. మరి తేడా ఏముంది?"

కుర్చీ లాగి ఆయన్ను కూర్చోమన్నాను. ఇంట్లో ముగ్గురం, గీజరు ఒకటి అన్న దగ్గర మొదలుపెట్టి మొత్తం చెప్పాను. ఆయన పది నిమిషాలు విన్నారు. పదకొండో నిమిషంలో ఫోను తీసి, "ఎంత శాతం అయింది?" అని ఎవరినో అడుగుతూ బయటికెళ్లారు.